బతికున్న పోస్టరు

కెజియా బంక కాచేటప్పుడు ఆమెను ఎవరూ పలకరించకూడదు. గరిటె ఆగితే పిండి ఉండ కడుతుంది. ఉండ కట్టిన బంకతో అంటించిన పోస్టరు బొబ్బలెక్కి మొదటి వానకే వీధిలో పడుతుంది, హారోబెక్‌లో వాన ఎప్పుడు పడుతుందని అడగడం కూడా దండగే. ఈ సంగతి తెలిసిన ఊరివాళ్ళు గుమ్మం దగ్గరే ఆగి, ఆవిడ బాన దించేదాకా బొగ్గు గురించో బంగాళాదుంపల గురించో తమలో తాము మాట్లాడుకుంటారు. ఆ గురువారం వచ్చినాయన మాత్రం గుమ్మంలోనే టోపీ తీసి, చెయ్యి గాల్లోకి లేపి, రెండో వీధికి వినిపించేలా మొదలుపెట్టాడు.

"అమ్మా సట్‌క్లిఫ్! ఈ ఊరి గోడల మహారాణీ! మళ్ళీ వచ్చాను!"

"వస్తే వచ్చారు, తలుపు వెయ్యండి," అంది కెజియా వెనక్కి తిరగకుండానే. "పొగ మళ్ళుతోంది."

ఆయన పేరు మోంటగ్యూ డెలమేర్. ఊరూరా తిరిగే నాటకాల కంపెనీకి యజమాని, రచయిత, అందులో నాయకుడి తండ్రి వేషం కూడా ఆయనే. అసలు పేరు టబ్ అని రైలు స్టేషన్లో మూటలు మోసేవాళ్ళకి కూడా తెలుసు. కోటుకున్న బొచ్చు కాలరు సగం చిమ్మెటలు తినేస్తే, మిగిలిన సగంతోనే దర్జా నడిపిస్తున్నాడు. చంకలోని కట్టని బల్ల మీద దించి, తాడు విప్పి, పైనున్న పొడుగు కాగితపు చీలికని రెండు చేతులతో పట్టుకుని చదివాడు.

"మంటల్లో మిల్లుపిల్ల, లేక చిన్నదొర సాహసం! హారోబెక్‌లో జరిగినది జరిగినట్టు!"

గరిటె ఆగిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు డెలమేర్. "ఆఖరి అంకంలో నిజం మంటలు. నిజం పొగ. చిన్నదొర గొడ్డలితో తలుపు బద్దలుకొట్టి పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగుతాడు. ఆడవాళ్ళు మూర్ఛపోతారు. మీ మిల్లు యజమాని ఓల్డ్‌రాయిడ్ దొరగారికి అందరికంటే ముందు నేనే చదివి వినిపించాను. మొదటి రోజు ఆట ఆయన పేరు మీదే. మిల్లువాళ్ళందరికీ టికెట్లు ఆయనే కొంటున్నారు."

కెజియా బానని పొయ్యి మీంచి దించింది. ఉండ కట్టింది. ఇన్నేళ్ళలో ఆవిడ బంక ఉండ కట్టడం అదే మొదటిసారి.

"చిన్నదొర ఎవర్ని కాపాడాడండీ?"

"అదేనమ్మా, పోయిన నవంబరులో, మిల్లులో అగ్నిప్రమాదం..."

"పోయిన నవంబరులో చిన్నదొర నక్కల వేటకి పోయాడు. ఆ మూడో అంతస్తు గదిలోంచి మెట్ల మీదుగా ఒక్కరూ దిగలేదు. ఒకతె కిటికీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. ముగ్గురు అక్కడే పోయారు." కెజియా చేతులు గౌనుకి తుడుచుకుంది. "అందులో ఒకతె నా కూతురు లెటీస్."

డెలమేర్ చెడ్డవాడు కాదు. నోరు పెద్దది, బుర్ర చిన్నది, అంతే. చేతిలోని చీలిక నెమ్మదిగా చుట్టలు చుట్టుకుంటుంటే దాన్ని విప్పడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

"నాకు తెలీదమ్మా. దేవుడి మీద ఒట్టు. పోయినసారి వచ్చినప్పుడు ఆ పిల్ల నాకు టీ ఇచ్చింది."

"ఆ పిల్లే."

తర్వాత ఆయనలోని యజమాని మేలుకున్నాడు. అచ్చయిపోయింది, హాలు మాట్లాడేశాం, కంపెనీలో అందరూ ఈ ఆట మీదే బతుకుతున్నారు. మిల్లు గేటుకి ఎదురుగా ఉన్న గోడ మీద సోమవారం పొద్దున బెల్లుకల్లా పోస్టరు పడాలని దొరగారి మాట. ఆ గోడ మీద అంటించే హక్కు కెజియాది. ఆవిడ చెయ్యనంటే లోయవతల పోస్టర్లు వేసే గ్రైమ్‌ని పిలవక తప్పదు. ఇదంతా ఆయన నేల చూస్తూ చెప్పాడు. ఆఖర్ని ఓదార్చాలనిపించి, అనకూడని మాట అన్నాడు.

"అయినా నాటకంలో ఆ పిల్ల బతుకుతుంది కదమ్మా. పెళ్ళి కూడా అవుతుంది."

"ఎవరితో?"

"చిన్నదొరతో."

కెజియా ఆయన మొహం వంక చూసింది. ఆ చూపుకి ఆయన బొచ్చు కాలరు సర్దుకున్నాడు.

"కట్ట అక్కడ పెట్టి వెళ్ళండి," అంది. "నా గోడ మీద ఇంకోడి బంక పడనివ్వను."

*

మర్నాడు సాయంత్రం మిల్లు వదిలాక ఫీబీ వచ్చింది. కిటికీలోంచి దూకినది ఈ ఫీబీయే. ఎడంకాలు ఈడుస్తూ నడుస్తుంది, ఆ నడకతోనే మళ్ళీ అదే మిల్లుకి వెళ్తుంది, ఎందుకంటే హారోబెక్‌లో ఇంకో మిల్లు లేదు. ఓట్‌మీల్ రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టి అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే లోపల అడుగుపెట్టే చోటు లేదు.

కెజియా పోస్టరుని నేలంతా పరిచింది. పెద్ద పోస్టరు ఒక్క కాగితం మీద రాదు. ఆరు షీట్లు, కింద మూడు, పైన మూడు. అంటించేముందు ఓసారి ఇంట్లో పరిచి అంచుకి అంచు కుదిరిందో లేదో చూసుకోవాలి, లేకపోతే గోడెక్కాక రాజుగారి తల సేనాపతి మెడమీద తేలుతుంది. ఎడమవైపు రెండు షీట్లలో మంటలు. మధ్య రెండింటిలో చేతులు చాచిన పిల్ల, జుట్టు విరబోసుకుని. కుడివైపు రెండింటిలో బద్దలైన తలుపు, దాని మధ్య నిలబడి గొడ్డలెత్తిన చిన్నదొర. గెడ్డం మీద చిన్న సొట్ట కూడా చెక్కారు.

"ఇది వీడా?" అంది ఫీబీ.

"వీడే అంటున్నారు."

"వీడి తల్లి చూసినా గుర్తుపట్టదు." ఫీబీ గోడకి ఆనుకుంది. "చింపెయ్ అత్తా. పొయ్యిలో పెట్టు."

"చింపితే ఇంకోటి అచ్చవుతుంది. గ్రైమ్ వచ్చి అంటిస్తాడు. ఒకసారి గోడెక్కాక దాని మీద నేను చెయ్యి వెయ్యలేను."

అది పోస్టర్లు అంటించేవాళ్ళ నియమం. రాసింది కాదు, ఏ కోర్టూ ఒప్పుకోదు, అయినా ఈ లోయల్లో దాన్ని తప్పినవాడు లేడు. ఆట తేదీ దాటేదాకా పోస్టరు బతికున్నట్టు లెక్క. బతికున్న పోస్టరు మీద ఎవరూ ఇంకో కాగితం వెయ్యరు, ఎవరూ పీకరు, అది శత్రువు అంటించిందైనా సరే. తప్పినవాడి పోస్టర్లకి ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ గోడ దొరకదు. కెజియా మొగుడు నిచ్చెన మీంచి పడి చనిపోయిన వారం గ్రైమ్ ఈ ఊరంతా ఆక్రమించుకోగలిగేవాడే. అయినా ఆవిడ బతికున్న పోస్టర్ల మీద అతని చెయ్యి పడలేదు.

ఫీబీ కాలు చాపుకుని నేలమీద కూర్చుంది. పోస్టరులో పిల్ల మొహం వంక చూసి, "ఈ పిల్లని నేనెక్కడో చూశాను," అంది.

"చూడకేం. అచ్చువాళ్ళ దగ్గర ఆడపిల్ల మొహం చెక్కిన అచ్చుచెక్క ఒక్కటే ఉంది. ఓడ మునిగినా ఈ పిల్లే, రైలుపట్టాలకి కట్టేసినా ఈ పిల్లే. మా లెట్టీ చిన్నప్పుడు దీనికి సారా అని పేరు పెట్టింది. నేను అంటిస్తుంటే నిచ్చెన కింద నిలబడి అడిగేది, అమ్మా ఈసారి సారా కోసం ఎవరొస్తారూ అని."

చెప్పాక కెజియా నోరు గట్టిగా మూసుకుంది. కూతురు పోయినప్పటినుంచి ఆమె ఏడుపంతా కోపంలోకి దిగిపోయింది. ఆ కోపంతోనే లేస్తుంది, దాంతోనే పడుకుంటుంది. దాన్ని ఎవరి మీద పెట్టాలో మాత్రం ఇన్నాళ్ళూ దొరకలేదు, ఎందుకంటే బీరుకొట్టు మేడమీద ఆ చావుల గురించి జరిగిన విచారణలో పన్నెండుమంది పెద్దమనుషులు తలలు ఊపి ఒక్క మాట రాసి వెళ్ళిపోయారు. ప్రమాదం.

"ఆ తలుపు గురించి మళ్ళీ చెప్పు," అంది.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావత్తా?"

"ఇంకోసారి."

"మగ్గాలు మొదలయ్యాక గేటు కాపలా ఏమోస్ ప్రతి అంతస్తుకీ వచ్చి మెట్ల తలుపుకి బయట తాళం వేసి పోతాడు. మేం మెట్ల మీదికెళ్ళి కబుర్లు చెప్పుకుంటామని పెద్దదొర భయం. ఆ రోజూ వేశాడు. పొగొచ్చింది. లెట్టీ, నేనూ తలుపు మీద గుద్దాం. అంతే. ఇదే విచారణలోనూ చెప్పాను. అప్పుడా విచారణ చేసే కళ్ళద్దాలాయన, తాళం నువ్వు కళ్ళారా చూశావా అన్నాడు. తాళం బయట, నేను లోపల. ఎలా చూస్తాను? చూడలేదండీ అన్నాను. అయితే కూర్చో అన్నాడు." ఫీబీ కాలు నిమురుకుంది. "తర్వాత ఏమోస్ లేచి, తాళం వెయ్యలేదు, వేడికి తలుపు బిగుసుకుందన్నాడు. నా వైపు చూడనుకూడా లేదు."

కెజియా పోస్టరు చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చింది. చిన్నదొర వంక అలాగే చూస్తూ నిలబడింది. కాసేపటికి వంగి అతన్ని రెండు ముక్కలుగా, పై షీటూ కింది షీటూ, చుట్టచుట్టి పక్కన పెట్టింది. పోస్టరుకి కుడివైపు ఖాళీ అయింది. పిల్ల చాచిన చేతులు నేలపలకల వైపు ఉన్నాయి.

"ఏంటత్తా?"

"ఉండు."

మేడమీదికెక్కి, తన పరుపు కింద నలగకుండా దాచిన పాత షీట్ల కట్ట తెచ్చింది. రెండేళ్ళ క్రితం ఈ డెలమేరే ఖైదీ భార్య అనే ఆట ఆడి, మిగిలిన కాగితాలు ఆవిడకే వదిలేసి పోయాడు. ఉంచమ్మా, ఎప్పుడైనా పనికొస్తాయి అన్నాడు. అందులో పిల్లలూ, పోలీసులూ ఎప్పుడో చిరిగిపోయారు. చెరసాల తలుపులు మాత్రం బోలెడన్ని మిగిలాయి, అచ్చువాడు లెక్క తప్పి ఎక్కువ కొట్టాడో ఏమో. కింది షీటులో ఇనుప మేకులు దిగ్గొట్టిన పలకలు. పై షీటులో అడ్డగడియ, దానికి మనిషి తలంత తాళం.

అదే అచ్చుయంత్రం, అదే కొలత, అదే నలుపు. కెజియా మోకాళ్ళ మీద కూర్చుని రెండు షీట్లనీ ఖాళీలోకి జరిపింది. అంచుకి అంచు వచ్చి కూర్చుంది.

ఫీబీ ముందుకి వంగి చూసింది. సారా చేతులు ఇప్పుడు తాళం వేసిన తలుపు మీదున్నాయి.

"అత్తా," అంది గుసగుసగా. "తాళం నాకిప్పుడు కనిపిస్తోంది."

*

శనివారం పిండి కొనడానికి కెజియా సంతకి వెళ్తే ఏమోస్ త్వెయిట్ ఎదురయ్యాడు. ఓల్డ్‌రాయిడ్ మిల్లు గేటు కాపలా అతనిదే, తాళంచెవుల గుత్తి ఎప్పుడూ నడుముకి వేలాడుతుంది, చర్చికి వెళ్ళినా తియ్యడు. కెజియాని చూడగానే క్యాబేజీల బండి వైపు తిరిగి, ఒక క్యాబేజీని పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు చూడ్డం మొదలుపెట్టాడు.

"దానికి కాళ్ళు లేవు ఏమోస్, పారిపోదు," అంది కెజియా. "నా వైపు తిరుగు."

తిరిగాడు. నవంబరు నుంచి మనిషి సగమయ్యాడు. కోటు భుజాలు వేలాడుతున్నాయి.

"సోమవారం పొద్దున గేటు దగ్గరుంటావా?"

"నేనెప్పుడూ అక్కడే ఉంటా కదా కెజియా."

"ఉండు. నీకు ఎదురుగానే పోస్టరు వేస్తున్నా."

"విన్నాను. చిన్నదొర బొమ్మట." అతను క్యాబేజీ కింద పెట్టాడు. గుత్తిని చేత్తో పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా. "నాకూ పిల్లలున్నారు కెజియా."

"నాకూ ఉండేది," అంది కెజియా, పిండి మూట భుజానికెత్తుకుని వెళ్ళిపోయింది.

*

సోమవారం తెల్లారుతూనే ఆవిడ గోడ దగ్గరుంది. ఏప్రిల్ నెల వెలుతురు బూడిదరంగులో కొండ దిగుతోంది. బాల్చీ నిండా బంక, ఈసారి వెన్నలా దిగింది. పాత కాగితం పొరలు గీకి, గోడంతా ఓ పూత పూసి, కింది వరసతో మొదలుపెట్టింది. కింది షీట్లు ముందు, పైవి వాటి అంచు మీదికి. అలాగైతేనే వాననీరు అతుకులోకి దూరదు. షీటుని సగానికి మడిచి తలమీద వేసుకోవడం, నిచ్చెన ఎక్కడం, పై అంచు కుంచెతో తాకించి విదిలించడం, మధ్యనుంచి అంచులకి తుడవడం. మొగుడు చేసినట్టే చేస్తుంది, అతనికంటే శుభ్రంగా. మంటలు పడ్డాయి. సారా నడుమూ, మేకుల పలకలూ పడ్డాయి. పై వరసలో మళ్ళీ మంటలు, సారా మొహం. ఆఖర్ని తాళం ఉన్న షీటు. దాన్ని తుడిచేటప్పుడు మామూలుకంటే గట్టిగా నొక్కింది. అన్నిటికీ పైన అక్షరాల చీలిక వేసి, నిచ్చెన దిగి, పక్కన నిలబడి కుంచె కడుక్కోసాగింది.

మొదట వచ్చినవాళ్ళు చూడకుండానే పోయారు. సోమవారం పొద్దున ఎవరు తలెత్తుతారు? చెక్కచెప్పుల చప్పుడు రాళ్ళ మీద టకటకమంటూ గేటులోకి పోతోంది. అప్పుడు ఫీబీ వచ్చింది. వచ్చి గోడ ముందు ఆగింది. ఆమె వెనక వస్తున్న ఆడవాళ్ళు ఆమెని తప్పుకుపోబోయి, ఆమె చూస్తున్న వైపు చూసి, ఆగారు. వాళ్ళ వెనక వాళ్ళూ ఆగారు.

"ఏం రాశారే?" అంది చదువురాని ఓ ముసలామె.

ఫీబీ చదివింది, ఒక్కో మాటా విడదీసి. "మంటల్లో మిల్లుపిల్ల, లేక చిన్నదొర సాహసం. హారోబెక్‌లో జరిగినది జరిగినట్టు."

"మరి చిన్నదొరేడీ?"

"తలుపవతల," అన్నాడు వెనకనుంచి ఎవరో.

ఎవరూ నవ్వలేదు. చెక్కచెప్పుల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. మిల్లు బెల్లు మొదలైంది. రోజూ ఆ బెల్లుకి కాళ్ళు వాటంతటవే పరిగెత్తుతాయి, ఎందుకంటే ఆఖరి దెబ్బతో గేటు మూసేస్తారు. ఆలస్యమైనవాళ్ళు టిఫిన్ వేళ దాకా బయట చలిలో నిలబడాలి, ఆ పూట కూలి పోతుంది. ఈరోజు ఒక్క కాలూ కదల్లేదు. ఆఖరి దెబ్బ పడింది. గేటు దగ్గర ఏమోస్ వీధి నిండా ఉన్న జనాన్నీ, వాళ్ళ తలల మీదుగా గోడనీ చూశాడు. చూసి, నియమం ప్రకారం గేటు మూసి తాళం వేశాడు. లోపల ఇంజను గుడుగుడుమంటోంది. దానికి పని చెప్పేవాళ్ళు దాదాపు అంతా బయటే ఉన్నారు.

కాసేపటికి చిన్నదొర లైనెల్ ఓల్డ్‌రాయిడ్ ఆఫీసు గది మెట్లు దిగి గేటు దగ్గరికొచ్చాడు. గెడ్డం మీద సొట్ట లేదు.

"ఏమిటిది? లోపలికి రారేం?"

"తలుపు తాళం వేసుందండీ, చిన్నదొరగారూ," అంది ఫీబీ.

చాలా మర్యాదగా అంది. వెనకనుంచి ఇంకో ఆడమనిషి అందుకుంది, "తాళం వేసుందండీ." తర్వాత మగవాళ్ళు. చర్చిలో పాదిరీగారి మాటకి బదులు చెప్పినట్టు వీధి ఆ చివరిదాకా పోయిందా మాట. లైనెల్ మొహం ఎర్రబడింది. అప్పుడే గోడ కనపడింది అతనికి.

"ఏమోస్! గేటు తియ్యి!"

ఏమోస్ తీశాడు. ఎవరూ కదల్లేదు.

"తీశాం కదా!"

"ఇది తీశారండీ," అంది ఫీబీ. "మేం పైకెళ్ళాక మెట్ల తలుపు సంగతేంటి?"

లైనెల్ జనాన్ని తోసుకుంటూ వీధి దాటి కెజియా ముందు నిలబడ్డాడు. "నువ్వేనా ఇది అంటించింది? పీకు. ఇప్పుడే."

"బతికున్న పోస్టరు దొరగారూ. ఆట అయ్యేదాకా పీకకూడదు. మీకు తెలీదేమో గానీ మాలో అది పాపం." కుంచె నీళ్ళు విదిలించింది. "మనుషులకి లేకపోయినా కాగితాలకి ఆపాటి న్యాయం ఉంది."

ఈ లోపల డెలమేర్ హోటల్ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు, టోపీ వంకరగా, బూటు తాళ్ళు కట్టుకోకుండా. పోస్టరు చూసి గుండె పట్టుకున్నాడు. స్టేజీ మీద ఎన్నోసార్లు పట్టుకున్న గుండె గనక సరిగ్గా అక్కడే పడింది చెయ్యి.

"ఇది నా పోస్టరు కాదు!"

"మీదే," అంది కెజియా. "ఆరు షీట్లూ మీవే. ఎప్పుడైనా పనికొస్తాయి ఉంచమ్మా అన్నారు. పనికొచ్చాయి."

"మీ మనుషుల్ని పిలిచి పీకించండి డెలమేర్," అన్నాడు లైనెల్, "లేకపోతే మా పేరు మీద ఆట లేదు, టికెట్లూ లేవు."

డెలమేర్ నోరు తెరిచాడు. జనంలోంచి ఓ నేతగాడు అడిగాడు, "అయ్యా నాటకాలాయనా, నీ ఆటలో ఈ తలుపుంటుందా? ఉంటే మా టికెట్లు మేమే కొనుక్కుంటాం." అవునవునని వీధంతా గొణిగింది. డెలమేర్ తెరిచిన నోరు మూసుకున్నాడు. బొచ్చు కాలరు సర్దుకున్నాడు. ఆయన జీవితమంతా వీరుల మాటలు రాసినవాడే గానీ తన నోటితో ఒకటి అనాల్సిన అవసరం అంతవరకూ రాలేదు.

"దొరగారూ," అన్నాడు, గొంతు కాస్త పీలగా వచ్చింది, "బతికున్న పోస్టరు. మా వృత్తిలో... అది కుదరదండీ." అని, ఇంకేం అనే ధైర్యం లేక చప్పున ఫీబీ వైపు జరిగి, "అమ్మాయ్, ఆ తలుపు గదికి కుడివైపా, ఎడమవైపా?" అని అడిగాడు.

అప్పుడే జనం రెండుగా చీలారు. ఏమోస్ గేటు వదిలి వీధి దాటుతున్నాడు. ఆ గేటు వదిలి పనివేళలో అతను అడుగు బయటపెట్టడం ఎవరూ ఎరగరు. నడుస్తూనే నడుముకున్న గుత్తి విప్పుతున్నాడు. గుత్తిలోంచి ఒక్క తాళంచెవి విడదీసి, మిగతా గుత్తి కోటు జేబులో వేసుకున్నాడు. ఆ తాళంచెవి పొడుగ్గా, ఒకవైపు మసిబారి ఉంది. కెజియా ముందుకొచ్చి ఆగాడు. ఈసారి ఆవిడ మొహంలోకే చూశాడు.

కెజియా క్షమించడానికి రాలేదక్కడికి. కానీ చూపు తిప్పుకోనూ లేదు.

ఏమోస్ చెయ్యి చాచి, బంక బాల్చీ మీద వేళ్ళు విప్పాడు. తాళంచెవి బుడుంగుమని మునిగిపోయింది.

"ఏమోస్!" అని అరిచాడు లైనెల్. "అది మూడో అంతస్తుది!"

"అవునండీ. మెట్ల తలుపుది. ఆ రోజు బయట వేసింది దీంతోనే." ఏమోస్ గొంతు పెద్దది కాదు, అయినా వీధిలో అందరికీ వినపడింది. "చేతిలోంచి జారిపోయిందండీ. ప్రమాదం."

ఫీబీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విచారణలో పెద్దమనుషులు రాసిపోయిన ఆ మాట వీధిలో ఒక్కొక్కరి మొహం మీదా కనపడింది. లైనెల్ బాల్చీలోకి చూశాడు. చేతులకి మేలురకం తోలు తొడుగులు ఉన్నాయి.

"తియ్యి దాన్ని," అన్నాడు కెజియాతో.

"బంక నాది, తాళంచెవి మీది. మీరే చెయ్యి పెట్టి తీసుకోండి. మోచేతిదాకా అవుతుంది, అంతే. నా కూతురు దానికోసం రెండు చేతులూ ఎముక కనపడేదాకా గుద్దింది."

వీధిలో వందలమంది ఉన్నారు. లైనెల్ చెయ్యి కొద్దిగా లేచింది, బాల్చీ మీదిదాకా వచ్చి ఆగింది, మళ్ళీ కోటు జేబులోకి పోయింది.

"ఈ రోజుకి మెట్ల తలుపులు తెరిచే ఉంచండి," అన్నాడు ఏమోస్‌తో, ఎవరి వైపూ చూడకుండా.

"ఈ రోజుకి చాలండీ," అంది ఫీబీ. "రేపటి సంగతి రేపు అడుగుతాం."

ఆమె ముందు నడిచింది, కాలు ఈడుస్తూ. ఆమె నడకని దాటి ఎవరూ పోలేదు. ఆ కాలి వేగంతోనే మిల్లంతా గేటులోకి నడిచింది. పోతూ పోతూ ఒక్కొక్కరూ గోడ వైపు తలెత్తి చూశారు. కొందరు మగవాళ్ళు టోపీ తీశారు. ఏమోస్ గేటు మూయలేదు. తెరిచిన రెక్క పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నడుముకి గుత్తి లేకుండా. లైనెల్ అతనితో ఏదో అంటున్నాడు, ఉద్యోగం గురించే అయుంటుంది. ఏమోస్ తల ఊపుతూ వింటున్నాడు, అయినా రెక్క మీద చెయ్యి వెయ్యలేదు.

కెజియా నిచ్చెన భుజానికెత్తుకుంది. పాత షీట్లూ మిగిలిన పోస్టర్లూ కలిపిన కట్ట చంకలో పెట్టుకుని, బాల్చీ అందుకుంది. డెలమేర్ ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఎక్కడికమ్మా?"

"స్టేషన్ గోడకి. సంత గోడకి. చర్చి వెనక గోడకి." ఆవిడ నడక మొదలుపెట్టింది. "మీ పోస్టర్లు ఇంకా మిగిలున్నాయి, నా దగ్గర తలుపులూ మిగిలున్నాయి."

కొండ కిందికి దిగుతుంటే బాల్చీ ఊగినప్పుడల్లా బంక అడుగున ఇనుము తగిలి చప్పుడు చేసింది. అదక్కడ ఉన్నట్టు ఆవిడకి తెలుసు. తియ్యాలనిపించలేదు.